పాత కారులో కూలెంట్ లీకు: చోటు పట్టుకోవడం నుంచి మళ్లీ నింపేదాకా

మార్చి దాటిందంటే ఇదే ప్రశ్న. "అన్నా, రేడియేటర్‌ల నీళ్లు పోస్తున్న, రెండు దినాలకే దిగిపోతున్నయి. ఏం చేయాలె?" నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, ఎక్కడివాళ్లు అడిగినా "పోస్తున్న" అన్న మాట మాత్రం మారదు. ఎటు పోతున్నాయో చూడకుండా పోస్తూనే ఉంటారు. పోసేది కూడా ఇంజన్‌ను చల్లగా ఉంచే కూలెంట్ కాదు, ఎక్కువగా బోరు నీళ్లే.

ఈ రెండు అలవాట్ల వల్ల ఇంకా పదేళ్లు నడవాల్సిన ఇంజన్లు ముందే పోతున్నాయి. అందుకే ఇక్కడ సగం దాకా కారే చోటు వెతకడం గురించే రాశాను. చోటు ఖాయమయ్యేదాకా పానా పట్టొద్దు, కొత్త సామాను కొనొద్దు.

మారుతి 800, జెన్, ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, ఇండికా లాంటి పాత చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మిగతా బండ్లకూ పద్ధతి ఇదే, హోస్ పైపులు వెళ్లే దారి మాత్రం వేరుగా ఉంటుంది.

1. ముందు జాగ్రత్త: వేడి ఇంజన్ మూత తీయొద్దు

మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని బిగించి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది, లోపలున్న నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. గుడ్డ అడ్డం పెట్టుకున్నా చేయి, మెడ కాలుతాయి.

రోడ్డు మీద ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లు ఎరుపు వైపు పోతుంటే ఇలా చేయండి:

- ముందు ఏసీ ఆపండి.
- వెంటనే ఆగే చోటు లేకపోతే హీటర్‌ను పూర్తి వేడిలో, ఫ్యాన్‌ను పెద్ద స్పీడులో పెట్టండి. కొంత వేడి క్యాబిన్‌లోకి వస్తుంది. మే నెలలో ఇది నరకమే, అయినా ఇంజన్ దక్కుతుంది.
- నీడ చూసి ఆపి, ఇంజన్ బంద్ చేసి, బానెట్ తెరవండి.
- కనీసం ముప్పావు గంట, వీలైతే గంట ఆగండి. పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడితేనే, అదీ నొక్కితే మెత్తగా ఉంటేనే, మూత మీద చేయి వేయండి.
- కాలిపోతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు చల్లొద్దు, లోపల పోయొద్దు. ఇంజన్ పైభాగం, అంటే అల్యూమినియం హెడ్, వంకర తిరుగుతుంది, పగలనూ పగలొచ్చు.

శ్రీశైలం పోయేవాళ్లకు ఒక మాట. మన్ననూరు దాటాక అడవి దారిలో సాయం దొరకడం కష్టం. ముల్లు ఎప్పుడూ ఉండే చోటు కంటే కాస్త పైకి జరిగిందని అనిపించినా మన్ననూరులోనే ఆగి చూసుకోండి.

2. కారుతున్నది కూలెంటేనా?

ఎండాకాలంలో కారు కింద నీళ్లు కనిపించి టెన్షన్ పడేవాళ్లలో చాలామంది చూసేది ఏసీ నీళ్లే. వాటికి రంగు, వాసన, జిగట ఏవీ ఉండవు. ముందు సీటు కాళ్ల దగ్గరి భాగానికి నేరుగా కింద చుక్కలు పడతాయి. ఏసీ వేయని రోజు అక్కడ పొడిగా ఉంటే సంగతి తేలిపోయినట్టే.

కూలెంటైతే పచ్చగానో, ఎర్రగానో, నీలంగానో ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. ఎండిన చోట తెల్లటి లేదా పచ్చటి పొర కడుతుంది. చూసిన చేతిని సబ్బుతో కడుక్కోండి, రుచి మాత్రం చూడొద్దు. అందులోని ఎథిలీన్ గ్లైకాల్ విషం.

ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోస్తూ వచ్చినవాళ్లకు రంగు కనిపించదు. వాళ్లు ముందు ఒక అర లీటరు రంగు కూలెంట్ కలిపి, రెండు మూడు రోజులు దగ్గర దూరాలే తిప్పండి. కారే చోట రంగు పడుతుంది.

3. సామాను

పని మొదలయ్యాక మధ్యలో బజారుకు పరుగెత్తకుండా ఇవన్నీ దగ్గర పెట్టుకోండి:

- 8, 10, 12, 14 పానాలు, సాకెట్ సెట్టు
- స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, పదునైన బ్లేడు కత్తి
- టార్చి, చిన్న అద్దం (ఇంజన్ వెనక భాగం చూడటానికి)
- పెద్ద అట్టముక్క, పాత గుడ్డలు, చేతి గ్లౌజులు
- వెడల్పాటి బేసిన్, మూత ఉన్న ఖాళీ డబ్బా, గరాటు
- సన్న ఎమరీ పేపరు
- డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు. కడగడానికి, నింపడానికి కలిపి 10 లీటర్లు
- మీ బండి మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్

కింద దూరి చూడాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేశాకే దూరండి. స్టాండ్లు లేకపోతే సర్వీసింగ్ చేసే చోట గుంత ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లి చూపించమనండి.

4. చల్లటి బండి మీద వెతకడం

రాత్రి బండి ఆపాక కింద అట్టముక్క పరచండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గుర్తు పెట్టండి. పొద్దున తడి ఎక్కడ పడిందో చూస్తే ఎడమా కుడా, ముందా వెనకా అన్నది తెలుస్తుంది.

కానీ చుక్క పడిన చోటును కారే చోటు అనుకోవద్దు. దీనికి నేను మూల్యం చెల్లించాను. కొన్నేళ్ల కింద మా పాత కారుకు రేడియేటర్ కింద చుక్కలు పడుతుంటే ఒక గ్యారేజీలో చూపించాను. పైనుంచి చూసి రేడియేటర్ పోయిందన్నారు, మార్చేశారు. వారం తిరక్కముందే మళ్లీ నీళ్లు తగ్గాయి. చివరికి తేలిందేమిటంటే, ఇంజన్ వెనక హీటర్‌కు పోయే పైపు క్లిప్పు దగ్గర కారుతోంది. ఆ నీళ్లు కింది ఇనుప పట్టీని పట్టుకుని ముందుకు పాకి, రేడియేటర్ కింద చుక్కగా పడేవి. పోయింది క్లిప్పైతే నేను మార్పించుకున్నది రేడియేటర్.

అందుకే తడి కనిపించిన చోటు నుంచి పైకి వెళ్లండి. తడి ఉన్నవాటన్నిటిలో పైన ఉన్నదే అసలు చోటు అయ్యే అవకాశం ఎక్కువ. నడుస్తున్నప్పుడు ఫ్యాన్ గాలి చుక్కల్ని వెనక్కి చల్లుతుంది, దాన్నీ లెక్కలో పెట్టుకోండి.

టార్చి పట్టుకుని ఈ వరసలో చూడండి: మూత, మూత కింది మెడ, కూలెంట్ బాటిల్, పై హోస్, రేడియేటర్ పై ట్యాంకు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) గూడు, కింది హోస్, వాటర్ పంపు, హీటర్ హోస్‌లు, ఇంజన్ వెనక ఇనుప పైపు. ప్రతి అతుకు చుట్టూ వేలు తిప్పండి. తడి లేకపోయినా తెల్లటి పొర, పచ్చటి మరక కనిపిస్తే అక్కడ వేడి మీద కారి, చల్లారేలోగా ఎండిపోతోందని అర్థం.

ఇంజన్ అంతా నూనె, దుమ్ముతో నల్లగా ఉంటే ఏమీ కనిపించదు. ముందు గుడ్డతో శుభ్రంగా తుడిచి, పది కిలోమీటర్లు తిప్పి, చల్లారాక చూడండి.

5. ప్రెజర్ పరీక్ష

చల్లగా ఉన్నప్పుడు కారని లీకులు చాలా ఉంటాయి. వాటికి ప్రెజర్ టెస్టర్ కావాలి. చేత్తో కొట్టే చిన్న పంపు, దానికో మీటరు ఉంటుంది, మూత స్థానంలో బిగుస్తుంది. కొనక్కర్లేదు, రేడియేటర్ పని చేసే షాపుల్లో అడగండి.

1. ఇంజన్ చల్లగా ఉండాలి. రేడియేటర్ నిండా పోయండి.
2. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. మీటరు ఆ అంకెకు వచ్చేదాకా పంపు కొట్టండి, దాటొద్దు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ పెట్టనివ్వొద్దు, మంచి రేడియేటర్ కూడా పగులుతుంది.
3. పదిహేను నిమిషాలు వదిలేయండి. ముల్లు నిలబడితే బయటికి లీకు లేనట్టే. దిగితే టార్చి పట్టుకుని వెతకండి, సన్నగా చిమ్ముతూ కనిపిస్తుంది.
4. అదే టెస్టర్‌తో మూతనూ పరీక్ష చేయించండి.

ముల్లు దిగుతోంది కానీ ఎక్కడా తడి లేదంటే 7వ భాగానికి వెళ్లండి.

6. ఎక్కడ కారితే ఏం చేయాలి

*మూత.* ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. రబ్బరు గట్టిపడి పగిలినా, స్ప్రింగ్ నీరసపడినా మూత ఒత్తిడి ఆపలేదు. నీళ్లు బాటిల్‌లోకి పొంగి అక్కడి నుంచి బయటికి పోతాయి. మూతలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజన్ చల్లారేటప్పుడు బాటిల్ నీళ్లను వెనక్కి పీల్చుకోనిచ్చేది అదే. అది బిగుసుకుపోతే పొద్దున చూసేసరికి పై హోస్ లోపలికి చప్పబడి ఉంటుంది, బాటిల్ నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. మరమ్మతుకు వెళ్లొద్దు, అదే అంకె ఉన్న కొత్త మూత వేయండి. ఎక్కువ అంకె మూత వేస్తే మంచిదని ఎవరైనా అంటే వినొద్దు, ఆ ఒత్తిడి పాత హోస్‌ల మీద పడుతుంది.

*హోస్‌లు.* చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. పట్టుకుంటే గట్టిగా పెళపెళమన్నా, మరీ మెత్తగా ఉబ్బినా, చివర్ల దగ్గర సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయాలి. ఒకటి పోతే మిగతావీ అదే వయసువి, పైదీ కిందిదీ కలిపి మార్చడం మేలు. సైకిల్ ట్యూబు చుట్టి కట్టడం ఊరు చేరడానికి పనికొస్తుంది, తెల్లారి మళ్లీ అదే కట్టుతో బయలుదేరొద్దు.

*రేడియేటర్.* పాత ఇత్తడి, రాగి రేడియేటర్ అయితే టంకం వేస్తారు, లోపల రాడింగ్ చేసి పేరుకున్నది తీస్తారు. తర్వాత వచ్చిన వాటిలో అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకులు మడత పెట్టి బిగించి ఉంటాయి. ఆ మడత దగ్గర, ప్లాస్టిక్ మెడ దగ్గర పగులుతుంది. ప్లాస్టిక్ మీద పూసే అతుకు మందులు వేడికి, ఒత్తిడికి నిలవవు. ట్యాంకు పగిలితే రేడియేటర్ మార్చడమే సరైన పని. కింద నీళ్లు దించే ప్లగ్గు దగ్గర మాత్రమే కారుతుంటే దాని వాషర్ మార్చి చూడండి.

*థర్మోస్టాట్ గూడు.* గ్యాస్కెట్ పాతబడి కారుతుంది. కొత్త గ్యాస్కెట్ వేసే ముందు రెండు వైపులా పాత ముక్కల్ని పూర్తిగా గీకాలి. అల్యూమినియం మెత్తటిది, గట్టిగా గీకితే గాడి పడి అక్కడే మళ్లీ కారుతుంది.

*వాటర్ పంపు.* పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే నీళ్లు అందులోంచి రావాలనే దాన్ని పెట్టారు. అక్కడ తడి, మరక ఉంటే సీలు పోయినట్టే. ఆ రంధ్రం మూసే ప్రయత్నం చేయొద్దు, నీళ్లు బేరింగులోకి పోయి పంపు బిగుసుకుంటుంది. బెల్టు తీసి పుల్లీని చేత్తో ఊపండి. ఆడితే, గరగరమంటే పంపు మార్చాలి. కొన్ని బండ్లలో పంపును టైమింగ్ బెల్టు తిప్పుతుంది. అలాంటప్పుడు పని తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి, బెల్టు కూడా అప్పుడే మార్పించండి.

*హీటర్.* పక్క సీటు కాళ్ల దగ్గర మ్యాట్ కింద తడి, లోపల తియ్యటి వాసన, ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొగ. ఈ మూడూ ఉంటే డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ పోయింది. మన దగ్గర హీటర్ వాడేది తక్కువ కాబట్టి చాలామంది ఆ రెండు హోస్‌లనూ బయటే కలిపేయమంటారు. కొత్త కోర్ దొరికేదాకా అలా నడపొచ్చు. కానీ వానాకాలంలో అద్దం మీద ఆవిరి పోగొట్టుకోవడానికీ, ఘాట్ మీద ఇంజన్ వేడి దించుకోవడానికీ హీటరే ఆధారం. కోర్ మార్పించుకోమనే నా సలహా.

*ఇంజన్ వెనక ఇనుప పైపు, బ్లాకు ప్లగ్గులు (ఇంజన్ దిమ్మె రంధ్రాలను మూసే ఇనుప బిళ్లలు).* బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇవి లోపలి నుంచి తుప్పు పట్టి సూది బెజ్జాలు పడతాయి. అద్దం పెట్టి చూస్తేనే కనిపిస్తాయి. పైపు మార్చుకోవాలి. దాన్ని వెల్డింగ్ చేయిస్తే కాలిన పక్కనే పల్చబడిన ఇంకో చోట కారడం మొదలవుతుంది.

7. ఎక్కడా తడి లేదు, నీళ్లు మాత్రం తగ్గుతున్నాయి

అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజన్ హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పట్టీని, అనుమానించాలి. ఒక్క గుర్తు చూసి నిర్ణయానికి రావొద్దు. కనీసం రెండు కలిసి ఉండాలి:

- ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో రావడం
- ఆయిల్ గేజి కర్రకు పాలు కలిసిన టీ లాంటి నురగ. మూత కింద మాత్రమే కొద్దిగా ఉంటే అది దగ్గరి ప్రయాణాల చెమ్మ కావచ్చు
- చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం లోపే పై హోస్ రాయిలా గట్టిపడటం
- చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు రావడం
- పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక సిలిండర్ తడబడటం

మెకానిక్ దగ్గర ఒక నీలం ద్రావణంతో చేసే పరీక్ష ఉంటుంది. రేడియేటర్ మెడ దగ్గరి గాలిని దాంట్లోంచి పంపితే, పొగ వాయువులు కలిసి ఉన్నప్పుడు నీలం పసుపుగా మారుతుంది. హెడ్ విప్పే ముందు ఈ పరీక్ష చేయమని అడగండి.

గ్యాస్కెట్ పోయిందని తేలితే బండి నడపడం ఆపేయండి. ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. హెడ్ విప్పాక సమతలంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూపించమనండి. వంకర ఉంటే లేత్ షాపులో ఫేసింగ్, అంటే చదును, చేయించాలి. ఆ పని వదిలేసి గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ పోతుంది.

8. పాతది దించడం, లోపల కడగడం

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పండి. మూత తీసి, కింద బేసిన్ పెట్టి, రేడియేటర్ కింది ప్లగ్గు నెమ్మదిగా విప్పండి. పాతబడిన ప్లాస్టిక్ ప్లగ్గు తిరగకపోతే బలవంతం చేయొద్దు, కింది హోస్ క్లిప్పు వదులు చేసి అక్కడి నుంచి దించండి. ఎన్ని లీటర్లు దిగాయో కొలిచి రాసుకోండి, చివర్లో పనికొస్తుంది.

దించినదాన్ని మోరీలోనో, పెరట్లోనో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి. ఇంటి దగ్గర మేకలు, దూడలు, కోళ్లు తిరిగే మన ఊళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి. కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. పని జరుగుతున్నంతసేపూ బేసిన్ దగ్గర ఎవరైనా ఉండాలి. డబ్బాలో పోసి, మూత బిగించి, మీద 'విషం' అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. వాడిన ఆయిల్ పోగు చేసే గ్యారేజీకి అప్పజెప్పండి.

ప్లగ్గు బిగించి డిస్టిల్డ్ వాటర్ నింపండి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపించి, చల్లారాక మళ్లీ దించండి. తుప్పు రంగు తగ్గేదాకా ఇదే రెండు మూడుసార్లు. బాత్రూం కడిగే యాసిడ్ పోసి శుభ్రం చేస్తామనేవాళ్లు ఉంటారు. ఆ యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది. దానికి ఒప్పుకోవద్దు.

ఇక బోరు నీళ్ల సంగతి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రేడియేటర్‌కు చేటు చేసేది ఫ్లోరైడ్ కంటే గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాచే హీటరు కాయిల్‌కు తెల్లగా పెంకు కట్టడం మీ ఇంట్లోనే చూసి ఉంటారు. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే కడుతుంది. వేడి బయటికి పోదు, ఒత్తిడి పెరుగుతుంది, బలహీనంగా ఉన్న చోట పగులుతుంది. దారిలో ఆపదకు ఏ నీళ్లయినా పోయండి, ఇంటికి రాగానే దించి కడగండి. క్యాన్ల ఆర్‌ఓ నీళ్లు బోరు నీళ్లకంటే మేలు, అయినా డిస్టిల్డ్ దొరుకుతున్నప్పుడు వాటి అవసరం లేదు.

9. హోస్ మార్చడం

ఇంటి దగ్గర ఎవరైనా చేసుకోగలిగిన పని ఇది, చేయి తిరగడానికి దీనితోనే మొదలుపెట్టండి.

1. పాత హోస్ ఎటు వంగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
2. క్లిప్పు వదులు చేసి వెనక్కి జరపండి.
3. మెడకు అతుక్కుపోయిన హోస్‌ను మెలితిప్పి లాగొద్దు. రేడియేటర్ ప్లాస్టిక్ మెడ విరిగితే చిన్న పని పెద్దదవుతుంది. హోస్‌ను నిలువుగా బ్లేడుతో చీల్చి ఒలవండి. కత్తి మెడకు తగలకూడదు.
4. మెడ మీది తెల్లటి పెంకు, తుప్పు ఎమరీ పేపరుతో సాఫు చేయండి. కొత్త హోస్ అతుకు దగ్గర కారడానికి కారణం ఎక్కువగా ఈ మురికే.
5. కొత్త క్లిప్పును ముందే హోస్‌కు తొడగండి.
6. మెడకు కొద్దిగా కూలెంట్ తడి రాసి, చివరిదాకా నెట్టండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది.
7. క్లిప్పు మెడ మీది గట్టును దాటి లోపలి వైపు కూర్చోవాలి. గట్టు మీదే బిగిస్తే జారిపోతుంది.
8. రబ్బరు క్లిప్పు గాళ్లలోంచి ఉబికి వచ్చేంత బిగించొద్దు. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ కొద్దిగా బిగించండి.

10. థర్మోస్టాట్ తీసేయొద్దు

"మన దగ్గర ఎండలు ఎక్కువ సార్, థర్మోస్టాట్ ఎందుకు, తీసేద్దాం." ఈ మాట మీరూ వినే ఉంటారు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి రావడం ఆలస్యమవుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. హీట్ ఎక్కడానికి అసలు కారణం వేరే ఉంటే అది అలాగే దాగి ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్‌ను డైరెక్ట్ చేయడమూ, అంటే వేడి స్విచ్చి లేకుండా ఎప్పుడూ తిరిగేలా కలపడమూ, ఇలాంటిదే. స్విచ్చి పోతే స్విచ్చి మార్చాలి.

థర్మోస్టాట్ మంచిదో కాదో పొయ్యి మీదే తేల్చవచ్చు. పనికిరాని గిన్నెలో నీళ్లు పోసి, దారంతో దాన్ని వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. దాని మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి. మళ్లీ బిగించేటప్పుడు స్ప్రింగ్ ఇంజన్ వైపు ఉండాలి, గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పైకి రావాలి.

11. నింపడం, గాలి తీయడం

రిపేరు బాగా చేసి, ఇక్కడ తొందరపడి హీట్ ఎక్కించుకునేవాళ్లు ఎక్కువ. లోపల గాలి ఇరుక్కుంటే నీళ్లు తిరగవు.

ముందు డబ్బా మీద చదవండి. కలిపి అమ్మేదా, మీరు కలపాల్సిందా? కలిపినదాంట్లో మళ్లీ నీళ్లు కలపొద్దు. మనం కలపాల్సిందైతే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. నీళ్లతో కడిగిన తర్వాత బ్లాకులో కొన్ని నీళ్లు మిగిలే ఉంటాయి. అందుకే మాన్యువల్‌లో మొత్తం 4 లీటర్లని ఉంటే, ముందు 2 లీటర్ల కూలెంట్ పోసేయండి, తర్వాత నిండేదాకా నీళ్లు పోయండి. అప్పుడు పాళ్లు తప్పవు. రంగు చూసి కూలెంట్ కొనొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. రెండు రకాలు కలపొద్దు.

1. బండి మూతి కాస్త ఎత్తుగా ఉండే వాలు మీద ఆపండి. హ్యాండ్ బ్రేక్, చక్రాలకు రాళ్లు.
2. హీటర్ పూర్తి వేడి వైపు.
3. గరాటుతో నెమ్మదిగా పోయండి. మధ్యలో ఆపి పై హోస్‌ను నొక్కి వదులుతుంటే బుడగలు వస్తాయి. గాలి తీసే స్క్రూ ఉన్న బండి అయితే, అందులోంచి నీళ్లు ధారగా వచ్చాక బిగించండి.
4. మూత లేకుండానే స్టార్ట్ చేసి, రేస్ చేయకుండా వదిలేయండి. పొంగుతుంటే వెంటనే ఆపండి. ఈ వేళ ముఖం దూరంగా ఉండాలి.
5. కొన్ని నిమిషాలకు థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం ఒక్కసారిగా దిగుతుంది. పోసి నింపండి, మూత బిగించండి.
6. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. ఫ్యాన్ అసలు తిరగకపోతే అక్కడే ఆపి స్విచ్చి, ఫ్యూజు చూడండి.
7. పూర్తిగా చల్లారాక మూత తీసి మళ్లీ నింపండి. బాటిల్‌ను రెండు గీతల మధ్య ఉంచండి.

ఎంత పోశారో లెక్క చూడండి. మొదట కొలిచిన దానికంటే లీటరు తక్కువ పట్టిందంటే గాలి ఇంకా లోపలే ఉంది. ఇంతకు ముందు లీకై తగ్గిన నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి, మామూలుగా దించినదానికంటే కొంచెం ఎక్కువే పట్టాలి.

12. పసుపు, లీక్ ఆపే మందు

రేడియేటర్‌లో పసుపు పోస్తే లీకు ఆగుతుందన్నది మన దగ్గర పాత చిట్కా. సన్న బెజ్జానికి అడ్డుపడి కొంతసేపు ఆగే మాట నిజమే. డబ్బాల్లో అమ్మే మందులు చేసేదీ ఇంచుమించు అదే. కానీ ఆ పొడికి బెజ్జం ఏదో, హీటర్ సన్న గొట్టం ఏదో తెలియదు. రెండూ మూస్తుంది. ఇప్పటికే సగం మూసుకున్న పాత రేడియేటర్‌లో దీన్ని పోయొద్దు. ఊరి బయట ఇరుక్కుని వేరే దారి లేక పోసినవాళ్లు, ఇంటికి రాగానే 8వ భాగంలో చెప్పినట్టు కడిగేయండి.

13. పని అయ్యాక

మొదటి రోజే విజయవాడకు బయలుదేరొద్దు. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా వెళ్లి రావడం సరిపోతుంది. ఒకవైపు ఏసీ వేసి, ఒకవైపు ఆపి నడపండి, ముల్లు కదలికను చూస్తూ ఉండండి.

- ఆ రాత్రి మళ్లీ అట్టముక్క పరచండి
- బాటిల్ మీద మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీయండి, తేదీ రాయండి
- మూడు రోజులు పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే, చూడండి
- హోస్ క్లిప్పులు మరోసారి బిగించండి
- ఆయిల్ కర్ర తీసి రంగు చూడండి

మొదటి ఒకటి రెండు రోజుల్లో మట్టం కాస్త దిగడం మామూలే, మిగిలిన గాలి బయటికి వస్తుంది. మూడో రోజు తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఇంకో లీకు ఉంది. పాత బండిలో ఒక చోటు మూస్తే పెరిగిన ఒత్తిడికి తర్వాతి బలహీనమైన చోటు బయటపడటం తరచూ జరుగుతుంది. నిరాశ పడకుండా మళ్లీ 4వ భాగం నుంచి మొదలుపెట్టండి.

ఎండాకాలం అయిపోయేదాకా డిక్కీలో రెండు లీటర్ల కలిపిన కూలెంట్, రెండు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవర్, గ్లౌజులు, టార్చి ఉంచుకోండి. కూలెంట్‌ను మాత్రం తాగే నీళ్ల సీసాలో పోసి పెట్టకండి. దాహం వేసిన పిల్లవాడి చేతికి అదే అందుతుంది.